కెమెరా అక్కడికి ఏ పని మీద వచ్చింది?

1952 సెప్టెంబరు 6న ఇంగ్లండులోని ఫార్న్‌బరో విమాన ప్రదర్శనకు లక్షకు పైగా జనం వచ్చారు. డి హావిలాండ్ కంపెనీ కొత్త జెట్ యుద్ధ విమానం డీహెచ్ 110 చాలా ఎత్తు నుంచి ధ్వని వేగాన్ని దాటుతూ కిందికి దూకింది. ఆ దద్దరింపు నేలను తాకిన కాసేపటికి విమానం తక్కువ ఎత్తులో చుట్టు తిరిగి జనం వైపు వచ్చింది. మలుపులో ఉండగానే, సెకను గడిచేలోపు, గాలిలోనే ముక్కలైపోయింది. పైలట్ జాన్ డెరీ, పరిశీలకుడు టోనీ రిచర్డ్స్ చనిపోయారు. ఊడిన ఇంజన్, ఇతర శకలాలు ప్రేక్షకుల మీద పడి మరో 29 మంది ప్రాణాలు పోయాయి. ఆ క్షణాలు ఫిల్ము మీద ఉన్నాయి. ఇవాళ ఎవరైనా ఫోన్లో చూడొచ్చు.

దుర్ఘటన జరగబోతోందని ముందే తెలిసి ఎవరూ కెమెరా పెట్టరు. వార్తాచిత్రాల కంపెనీలు ఫార్న్‌బరోకు వచ్చింది బ్రిటన్ జెట్ విమానాల గొప్పతనాన్ని సినిమా హాళ్లలో చూపించడానికి. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన తర్వాతి నాలుగు దశాబ్దాల్లో కూలిన విమానాలు, మునిగిన ఓడలు, పేలిన బాంబులు ఎన్నో రీళ్లకెక్కాయి. వాటిలో దేన్ని చూస్తున్నా మొదట అడగాల్సింది ఒకటే: ఈ కెమెరా అక్కడికి ఏ పని మీద వచ్చింది? అది ఏం చూసిందో, ఏం చూడలేకపోయిందో ఆ పనిని బట్టే ఉంటుంది. ఆ ప్రశ్న అడగకుండా చూసినవాళ్లకు మంట, పొగ, ఒళ్లు జలదరింపు తప్ప ఇంకేమీ మిగలవు. చనిపోయినవాళ్ల పట్ల అది అన్యాయం కూడా.

అప్పట్లో ఫిల్ము చౌక కాదు. చేత్తో పట్టుకుని తీసే 35 ఎంఎం వార్తా కెమెరాలో పట్టేది మామూలుగా 100 అడుగుల చుట్ట. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తీస్తే నిమిషం దాటిన ఆరేడు సెకన్లకు అయిపోతుంది. కాబట్టి కెమెరామన్ ఊరికే తిప్పుతూ కూర్చోలేడు. చూపించదగింది వస్తోందని అనిపించినప్పుడే మీట నొక్కుతాడు. డీహెచ్ 110 విషయంలో అలా చూపించదగింది ఆ మలుపే. మలుపు కోసం తిప్పిన ఫిల్ములోకి విమానం ముక్కలవడమూ వచ్చి చేరింది. రెక్క ముందు అంచు నిర్మాణంలో బలం చాలలేదని దర్యాప్తులో తేలింది. డిజైను మార్చాక అదే విమానం సీ విక్సెన్ పేరుతో బ్రిటిష్ నౌకాదళంలో చేరింది. ప్రదర్శనల నిబంధనలు కూడా గట్టిపడ్డాయి. నేరుగా ఎగిరే జెట్ జనానికి కనీసం 230 మీటర్లు, విన్యాసాలు చేసే జెట్ 450 మీటర్లు ఎడంగా ఉండాలన్నారు. ఎత్తు 150 మీటర్లకు తగ్గకూడదన్నారు.

వార్తాచిత్రాల గురించి ఇంకో మాట చెప్పుకోవాలి. మన దేశంలోనూ 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ తీసిన వార్తాచిత్రాన్ని అసలు బొమ్మ మొదలవడానికి ముందు వేయడం తప్పనిసరిగా ఉండేది. గంభీరమైన తెలుగు వ్యాఖ్యానం, వెనక వాద్యసంగీతం ఒక తరానికి బాగా గుర్తు. లండన్‌లో అయినా న్యూయార్క్‌లో అయినా పద్ధతి దాదాపు ఇదే. ఆరుబయట దృశ్యాలను చాలావరకు మూగగానే తీసేవారు. ఇంజన్ హోరు, పేలుడు మోత, కేకలు తర్వాత స్టూడియోలో కలిసేవి. దీన్ని పట్టుకోవడానికి చిన్న లెక్క చాలు. ధ్వని గాలిలో కిలోమీటరు రావడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది. పది కిలోమీటర్ల దూరం నుంచి తీసిన పేలుడులో మెరుపు కనపడగానే మోత వినపడిందంటే ఆ మోత వేరేచోట నుంచి తెచ్చి అతికించినదే. అణు పరీక్షల వీడియోల్లో ఇలాంటివి లెక్కలేనన్ని.

అణు పరీక్షల దగ్గరికి వచ్చేసరికి కెమెరా పని మారింది. అక్కడ అది కొలిచే పరికరం. 1946 జులైలో పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ పగడాల దీవి దగ్గర అమెరికా రెండు బాంబులు పేల్చింది. 1వ తేదీన గాలిలో పేల్చిన దానికి ఏబుల్ అనీ, 25న నీటి అడుగున పేల్చిన దానికి బేకర్ అనీ పేర్లు. యుద్ధంలో మిగిలిన అమెరికన్ నౌకలు, పట్టుబడ్డ జపాన్, జర్మనీ నౌకలు కలిపి 95 దాకా ఆ పగడాల దీవుల మధ్య ఉన్న సముద్రపు సరస్సులో లంగరు వేశారు. దీవుల మీద ఉక్కు బురుజులు కట్టి, వాటిలో సీసపు రేకుల చాటున కెమెరాలు బిగించారు. మనుషులు లేకుండా ఎగిరే విమానాలకూ కెమెరాలు పెట్టారు. ప్రపంచంలో అప్పుడు ఉన్న సినిమా ఫిల్ములో సగం దాకా బికినీకే చేరిందని చెబుతారు.

బాంబుల కంటే ముందు అక్కడ తీసిన ఒక దృశ్యం ఉంది. దాని గురించి తక్కువ మాట్లాడతారు. దీవి మీద ఉండే 167 మందిని ఖాళీ చేయించే ముందు, వాళ్లు ఒప్పుకున్న సమావేశాన్ని కెమెరా ముందు మళ్లీ నడిపించాలని నౌకాదళ అధికారి అనుకున్నాడు. 1946 మార్చి 6న ఆ చిత్రీకరణ జరిగింది. దీవి పెద్ద జూడా చేత కోరిన మాటలు చెప్పించడానికి కనీసం ఏడుసార్లు మళ్లీ మళ్లీ తీశారు. వెళ్లడానికి సిద్ధమే, అంతా దేవుడి చేతిలో ఉంది అన్నంతవరకే ఆయన మాట్లాడాడు, అంతకు మించి నోరు విప్పలేదు. చూసేవాళ్లకు అది జరిగిన సంఘటనకు నేరుగా తీసిన సాక్ష్యంలా కనిపిస్తుంది. నిజానికి అది సంఘటన అయిపోయాక చేయించిన నటన. ఆ మనిషి ముఖంలోని నిదానం మాత్రం నటన కాదు. మొత్తం బికినీ ఫిల్ముల్లో అన్నిటికంటే విలువైన నిమిషాలు ఇవేనంటే తప్పు లేదు.

బేకర్ బాంబును 27 మీటర్ల లోతున పేల్చారు. సరస్సు లోతు దాదాపు 55 మీటర్లు. నీళ్లు స్తంభంలా లేచాయి. ఆ స్తంభం అడుగున కుడివైపు ఒక నల్లటి మచ్చ కనబడుతుంది. అర్కాన్సాస్ అనే యుద్ధనౌక నీటి ఒత్తిడికి నిట్టనిలువుగా లేచి నిలబడిందని ఆ మచ్చను చూపించి దశాబ్దాల పాటు రాశారు. ఆ వివరణ అంత తేలిగ్గా నిలవదు. నౌక పొడవు 171 మీటర్లు, కింద నీటి లోతు దానిలో మూడోవంతే. నిలువుగా పల్టీ కొట్టడానికి అక్కడ చోటే లేదు. నౌక అడ్డు ఉన్నచోట నీటి స్తంభం సరిగా లేవలేకపోయిందనీ, మచ్చ ఆ ఖాళీయే అయి ఉంటుందనీ ఇంకో వివరణ ఉంది. అర్కాన్సాస్ ఇప్పుడు సరస్సు అడుగున తలకిందులుగా పడి ఉంది. బొమ్మ ఎంత స్పష్టంగా ఉన్నా, అందులో ఉన్నది ఏమిటో చెప్పాలంటే బొమ్మ బయటి లెక్కలు కావాలి. పాత ఫిల్ములతో పనిచేసేవాళ్లు దీన్ని పదేపదే నేర్చుకుంటూ ఉంటారు.

అన్ని కెమెరాలు ఉన్నా దొరకనివి కూడా బికినీలో ఉన్నాయి. పెర్ల్ హార్బర్ దాడి నాటికి జపాన్ సంయుక్త నౌకాదళ అధిపతి యమమోటోకు పతాక నౌకగా ఉన్న నగాటో రెండు బాంబులనూ తట్టుకుని నిలిచింది. మెల్లగా నీరు ఎక్కి, బేకర్ జరిగిన నాలుగు రోజుల తర్వాత జులై 29 రాత్రి మునిగిపోయింది. మునగడం ఎవరూ చూడలేదు. తెల్లారేసరికి ఆ చోట సముద్రం తప్ప ఇంకేమీ లేదు. పరీక్ష అయిపోయింది కాబట్టి కెమెరాల పని కూడా అయిపోయింది.

అంతకంటే పెద్ద విషయం రేడియోధార్మికత. అది ఫిల్ములో కనబడదు. నీటి స్తంభం కూలి, దాని అడుగు నుంచి తెల్లటి పొగమంచు నౌకల మీదుగా పాకుతుంది. చూడటానికి అందంగా ఉంటుంది. నౌకలను విషపూరితం చేసింది ఆ మంచే. తర్వాత కొన్ని వారాలపాటు నావికులు ఆ డెక్కుల మీదికెక్కి నీళ్లతో, సబ్బుతో రుద్దారు. ప్రమాదం ఎంతో పై అధికారులు నమ్మలేదు. వాళ్లను నమ్మించింది చివరికి ఒక బొమ్మే. రేడియేషన్ భద్రత చూసే డాక్టర్ స్టాఫర్డ్ వారెన్ సరస్సులో పట్టిన ఒక చేపను ఫోటో ఫిల్ము మీద ఉంచితే వచ్చిన ముద్ర తెచ్చి చూపించాడు. వెలుతురు, లెన్సు ఏమీ లేకుండా చేప తన ఒంట్లోంచి వచ్చే రేడియేషన్‌తోనే తన బొమ్మ గీసుకుంది. పొలుసుల్లోకి ప్లుటోనియం ఎక్కిందని అది చెప్పింది. 1946 ఆగస్టు 10న శుభ్రం చేసే పని ఆగిపోయింది. తర్వాత జరగాల్సిన మూడో పరీక్షను రద్దు చేశారు. టన్నులకొద్దీ కెమెరాలు చెప్పలేకపోయినది ఒక చేప చెప్పింది.

ఇక ఆలస్యంగా చేరిన కెమెరాలు వేరే రకం. ఇటలీ ప్రయాణికుల ఓడ ఆండ్రియా డోరియా మునగడం దీనికి పేరుమోసిన ఉదాహరణ. 1956 జులై 25 రాత్రి 11 గంటలు దాటాక, అమెరికా తూర్పు తీరంలోని నాంటకెట్ దీవి దగ్గర పొగమంచులో స్వీడన్ ఓడ స్టాక్‌హోమ్ దీని కుడి పక్కను గుద్దింది. మర్నాడు ఉదయం 10 గంటల 9 నిమిషాలకు ఆండ్రియా డోరియా మునిగింది. మధ్యలో ఉన్నది దాదాపు పదకొండు గంటలు. తెల్లారాక విమానాలెక్కి వచ్చిన కెమెరామన్లు తీసిన దృశ్యాలు ప్రపంచమంతా చూసింది. ఒరిగిన తెల్లటి ఓడ, చుట్టూ నురగ, చివరికి నీళ్లలో జారిపోవడం. ఆ ఉదయం చిన్న విమానం నుంచి హ్యారీ ట్రాస్క్ తీసిన ఫోటోలకు పులిట్జర్ బహుమతి వచ్చింది.

ఫిల్ములో కనిపించే ఓడలో ప్రాణాలతో దాదాపు ఎవరూ లేరు. అందరినీ అప్పటికే దించేశారు. ఓడలోని 1,706 మందిలో 1,660 మంది బతికారు. ఫ్రెంచి ఓడ ఇల్ ద ఫ్రాన్స్ ఒక్కటే 753 మందిని ఎక్కించుకుంది. చనిపోయిన 46 మందిలో చాలామంది గుద్దిన ఆ క్షణంలోనే, తమ గదుల్లోనే పోయారు. స్టాక్‌హోమ్ మీద మరో ఐదుగురు. అంటే ప్రాణాలు పోయిన గంటకూ, ఫిల్ము చూపించే గంటకూ మధ్య ఒక రాత్రి ఉంది. రెండు ఓడల వాళ్లూ రాడార్‌లో ఒకరినొకరు చూశారు. చూసినదాన్ని వేర్వేరుగా అర్థం చేసుకుని, ఒకరు ఎడమకు, ఒకరు కుడికి తిప్పి ఎదురెదురుగా వచ్చారు. ప్రమాదం మూలం అక్కడుంది. దాన్ని ఏ కెమెరా చూడలేదు.

అలాగని ఆ ఉదయపు ఫిల్ము దండగ కాదు. జాగ్రత్తగా చూస్తే అందులో గట్టి సాక్ష్యం ఒకటి కనబడుతుంది. ఓడ కుడివైపుకు ఒరిగి ఉంటే, పైకి లేచిన ఎడమవైపున ప్రాణరక్షక పడవలు వేలాడుతూనే ఉన్నాయి. ఓడ 15 డిగ్రీలకు మించి ఒరగదన్న లెక్కతో డిజైను చేశారు. గుద్దిన కొద్దిసేపటికే అది 18 డిగ్రీలు దాటింది. ఎడమవైపు పడవల్ని నీళ్లలోకి దించడానికి వీల్లేకపోయింది. అందరికీ సరిపడా పడవలు ఉన్నాయని కాగితం మీద రాసుకున్న ఓడ, అవసరం వచ్చేసరికి సగం పడవలతో మిగిలింది. దీని మీద ఎన్ని పేజీల వాంగ్మూలం చదివినా, ఆ వరుసగా వేలాడే పడవల్ని కొన్ని సెకన్లు చూసినంత తేటగా మనసుకెక్కదు.

కెమెరా అసలే లేనిచోట ఏమైందో కూడా చూడాలి. ప్రపంచంలో తొలి జెట్ ప్రయాణికుల విమానం కామెట్. 1953 మే 2న కలకత్తా నుంచి బయల్దేరిన ఒక కామెట్ ఉరుముల గాలివానలో కూలి 43 మంది చనిపోయారు. 1954 జనవరి 10న ఇటలీలోని ఎల్బా దీవి దగ్గర ఇంకొకటి సముద్రంలో పడి 35 మంది, ఏప్రిల్ 8న నేపుల్స్ దక్షిణాన మరొకటి పడి 21 మంది పోయారు. వీటిలో దేనికీ ఫిల్ము లేదు. అయినా విమాన ప్రమాదాల చరిత్రలో ఇంత పద్ధతిగా జరిగిన దర్యాప్తులు అరుదు. ఎల్బా దగ్గర శకలాల కోసం నీటి అడుగు టెలివిజన్ కెమెరాలు దించారు. ఫార్న్‌బరోలో ఒక కామెట్‌ను నీళ్ల తొట్టిలో పెట్టి, లోపలి ఒత్తిడిని పెంచుతూ తగ్గిస్తూ పోయారు. అంతకుముందు 1,221సార్లు ఎగిరిన ఆ విమానం, తొట్టిలో మరో 1,836 విడతలకు చీలిపోయింది. లోహం అలసిపోయిందని తేలింది. ప్రయాణికుల గాయాలకు కారణం తెలుసుకోవడానికి సీట్లు, బొమ్మలు అమర్చిన నమూనాను గాలి ఒత్తిడితో పేల్చి చూశారు. తీయలేకపోయిన దృశ్యాన్ని ప్రయోగశాలలో మళ్లీ పుట్టించడమే అది.

నీటి అడుగు కెమెరాకు దీనికంటే ముందే ఒక చరిత్ర ఉంది. 1951 ఏప్రిల్‌లో బ్రిటిష్ జలాంతర్గామి అఫ్రే 75 మందితో ఇంగ్లిష్ ఛానెల్‌లో కనిపించకుండా పోయింది. రెండు నెలల వెతుకులాట తర్వాత జూన్ 14న కిందికి దించిన టీవీ కెమెరా తెర మీద చూపించింది దాని పేరులోని అక్షరాలనే.

ఫిల్ము లేని ప్రమాదాలన్నిటికీ ఇంత పట్టింపు దొరకలేదు. 1987 డిసెంబరు 20న ఫిలిప్పీన్స్‌లో డోన్యా పాజ్ అనే ప్రయాణికుల ఓడ వెక్టర్ అనే చమురు ఓడను గుద్దుకుని తగలబడింది. 4,300 మందికి పైగా చనిపోయారని అంచనా. శాంతికాలంలో అంతకు మించిన ఓడ ప్రమాదం లేదు. రాత్రిపూట, దూరపు జలసంధిలో, పేద ప్రయాణికులతో జరిగింది. చూపించడానికి దృశ్యం లేదు. ఆండ్రియా డోరియా పేరు తెలిసినవాళ్లలో పదోవంతు మందికైనా డోన్యా పాజ్ పేరు తెలుసా అన్నది అనుమానమే. ప్రపంచం జ్ఞాపకశక్తి చచ్చిపోయినవాళ్ల లెక్కను కాక కెమెరా లెక్కను పట్టుకుని నడుస్తోంది. పాత ఫిల్ముల మీద ప్రేమ ఉన్నవాళ్లు ముందుగా గుర్తుంచుకోవాల్సిన విషయమిది.

వీటన్నిటిలో మనుషులకు ఎక్కువ మేలు చేసింది ఏదని అడిగితే, ఒక నలుపు తెలుపు టీవీ రికార్డింగును ముందు నిలబెట్టాలి. విమాన వాహక నౌక మీద ప్రతి విమానం దిగే తీరును రికార్డు చేయడానికి అమెరికా నౌకాదళం ఒక టీవీ వ్యవస్థ పెట్టుకుంది. పైలట్లు తర్వాత చూసుకుని తప్పులు దిద్దుకోవడానికి అది. రోజువారీ పని. ప్రచారం కోసం కాదు, పరిశోధన కోసం కాదు. 1967 జులై 29న వియత్నాం పక్కన టోంకిన్ సింధుశాఖలో ఫారెస్టల్ నౌక మీద ఆ కెమెరాలు నడుస్తున్నాయి. ఎగరడానికి సిద్ధంగా ఉన్న ఒక ఫాంటమ్ విమానం బయటి కరెంటు నుంచి సొంత కరెంటుకు మారే సమయంలో, దాని రెక్క కింది జూనీ రాకెట్ తనంతట తాను పేలి దూసుకుపోయింది. డెక్కు అవతల ఉన్న స్కైహాక్ విమానం ఇంధన ట్యాంకును చీల్చింది. ఇంధనం కారి అంటుకుంది. మంటల్లోకి బాంబులు జారిపడ్డాయి.

ఇక్కడ గడియారం ముఖ్యం. మంటల్లో పడిన బాంబు పేలడానికి దాదాపు పది నిమిషాలు పడుతుందని, ఈలోగా చల్లార్చవచ్చని సిబ్బందికి తెలిసిన లెక్క. అయితే ఆ నౌక మీదున్న వెయ్యి పౌండ్ల బాంబుల్లో కొన్ని పాత నిల్వలోవి, వేడికి త్వరగా లొంగే పేలుడు పదార్థం నింపినవి. వాటిని ముందురోజే ఇంకో నౌక నుంచి ఎక్కించారు. అగ్నిమాపక బృందం నాయకుడు జెరాల్డ్ ఫారియర్ ఒంటి మీద రక్షణ దుస్తులు కూడా లేకుండా, చేతిలో పొడి చల్లే సిలిండరుతో ఒక బాంబు వైపు పరిగెత్తాడు. రికార్డింగులో ఇది కనిపిస్తుంది. మంట మొదలైన దాదాపు నిమిషంన్నరకు మొదటి బాంబు పేలింది. ఆయన, ఆయన వెంట ఉన్న శిక్షణ పొందినవాళ్లలో చాలామంది ఆ ఒక్క పేలుడుతో పోయారు.

తర్వాతి దృశ్యం చూడటం ఇంకా కష్టం. మిగిలినవాళ్లు భయపడి పారిపోలేదు. గొట్టాలు పట్టుకుని ముందుకే వచ్చారు. కానీ మంట ఆర్పడంలో శిక్షణ లేదు. ఒకరు మంట మీద నురగ కప్పితే, పక్కన ఇంకొకరు నీళ్లు కొట్టి దాన్ని కడిగేశారు. మండే ఇంధనం నీళ్లతో పాటు డెక్కుకు పడ్డ రంధ్రాల్లోంచి కింది అంతస్తుల్లోకి కారి, పడుకుని ఉన్నవాళ్ల దగ్గరికి చేరింది. 134 మంది చనిపోయారు, 161 మంది గాయపడ్డారు. ధైర్యం ఉండీ ఇలా జరిగిందన్నది మాటల్లో చెబితే తప్పులెంచినట్లు ఉండేది. రికార్డింగు ఎవరినీ నిందించకుండా, ఏది ముందు ఏది వెనక జరిగిందో సెకన్లతో సహా చూపించింది. ఆ దృశ్యాలతో శిక్షణ చిత్రం తీసి తర్వాతి తరాల నావికులకు చూపించారు. మంట ఆర్పడం ప్రత్యేక బృందం పని మాత్రమే కాదని, నౌక మీదున్న ప్రతివాళ్లకూ వచ్చి ఉండాలని నియమమైంది. డెక్కును నురగతో ముంచెత్తే ఏర్పాట్లు వచ్చాయి. బాంబులకు మంటను ఎక్కువసేపు తట్టుకునే పూతలు వచ్చాయి. నార్ఫోక్‌లోని నౌకాదళ అగ్నిమాపక శిక్షణశాలకు ఫారియర్ పేరు పెట్టారు.

ఎక్కువ కెమెరాలు ఉంటే జవాబు తప్పకుండా దొరుకుతుందనీ లేదు. 1973 జూన్ 3న పారిస్ విమాన ప్రదర్శనలో సోవియట్ సూపర్‌సోనిక్ విమానం టీయూ 144 అందరి కళ్లముందు పైకి లేచి, ఆగి, కిందికి దూకి, గూసాన్‌విల్ ఊరి మీద కూలింది. విమానంలో ఆరుగురు, నేల మీద ఎనిమిది మంది పోయారు. చాలా కోణాల నుంచి తీసిన ఫిల్ములు ఉన్నాయి. ఎందుకు దూకిందన్నది మాత్రం ఖాయంగా తేలలేదు. దాన్ని ఫోటోలు తీయడానికి ఒక ఫ్రెంచి మిరాజ్ విమానం ఆ గగనతలంలోనే ఉంది. పైలట్ దాన్ని తప్పించబోయాడన్నది ఒక ఊహ. ఫ్రెంచి టెలివిజన్ కోసం కాక్‌పిట్‌లో తీసుకెళ్లిన కెమెరా జారి నియంత్రణలకు అడ్డం పడిందన్నది ఇంకో ఊహ. బయటి కెమెరాలకు విమానం కదలిక దొరికింది, లోపలి చేతుల కదలిక దొరకలేదు.

1986 జనవరి 28న కూలిన ఛాలెంజర్ అంతరిక్ష నౌక విషయంలో ఇది తిరగబడింది. టీవీలో చూసినవాళ్లకు 73వ సెకనులో హఠాత్తుగా పేలినట్లు కనిపించింది. ప్రయోగ వేదిక చుట్టూ ఉన్న ఇంజనీరింగ్ కెమెరాల ఫిల్మును కడిగి చూశాక కథ మొదలైంది 0.678 సెకను దగ్గర అని తేలింది. కుడివైపు బూస్టర్ రాకెట్ కింది అతుకు దగ్గర నల్లటి పొగ ఒక్క ముద్దగా బయటికొచ్చింది. 2.5 సెకన్లు వచ్చేలోపు అలాంటివి ఇంకో ఎనిమిది. సెకనుకు దాదాపు నాలుగు చొప్పున వచ్చిన ఆ పొగ ముద్దలు, రాకెట్ నిర్మాణం ఊగే లయతో సరిపోయాయి. అంటే అతుకు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉందన్నమాట. చలికి గట్టిపడిన రబ్బరు రింగులు ఆ సందును సమయానికి మూయలేకపోయాయి. ఆ తర్వాత పొగ ఆగింది. 58.788 సెకను దగ్గర మొదటి మంట నాలుక కనిపించింది, అదీ ఫిల్మును మెరుగుపరిచి చూస్తేనే.

పొగ సరిగ్గా ఎక్కడ నుంచి వచ్చిందో చూపించగలిగిన రెండు కెమెరాలు ఆరోజు పనిచేయలేదు. మిగిలిన కెమెరాల ఫిల్ముల మీద కంప్యూటరుతో లెక్కగట్టి, అతుకు చుట్టుకొలతలో 270 నుంచి 310 డిగ్రీల మధ్య అని నిర్ణయించారు. ఇంకొకటి కూడా ఆ ఫిల్ముల వల్లే తెలిసింది. జనం పేలుడు అనుకున్నది అసలు అర్థంలో పేలుడు కాదు. ఇంధన ట్యాంకు విచ్చిపోయి, గాలి దెబ్బకు నౌక ముక్కలైంది. సిబ్బంది గది ఆ మేఘంలోంచి ఒక్క ముక్కగా బయటపడి కిందికి పడిపోవడం ఫిల్ములో ఉంది. ఏడుగురి కుటుంబాలకు భరించలేని నిజం అది. అయినా తెలియాల్సిన నిజమే.

నమ్మకం గురించి ఒక హెచ్చరిక. 1984 డిసెంబరు 1న ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో నాసా, అమెరికా విమానయాన శాఖ కలిసి ఒక బోయింగ్ 720ని మనుషులు లేకుండా దూరం నుంచి నడిపి, కావాలనే నేలకు దించి పగలగొట్టాయి. తుంపరగా మారని ఇంధనం వాడితే మంట రాదేమో చూద్దామని. ఎడమ రెక్క ముందు తగిలి విమానం పక్కకు తిరిగింది, పెద్ద మంట లేచింది. రంగుల్లో, అన్ని కోణాల్లో ఉన్న ఆ దృశ్యం ఇప్పటికీ ఏదో ఒక నిజమైన ప్రమాదం పేరుతో తిరుగుతూనే ఉంటుంది. నేల మీద ముందే పాతిన లోహపు కత్తుల వరుస కనబడితే అది ఈ ప్రయోగమే.

ఇవన్నీ నిలబడింది ప్లాస్టిక్ పట్టీ మీద. 1950ల మొదటి వరకు వాడిన నైట్రేట్ ఫిల్ము అంటుకుంటే ఆరదు. 1978 డిసెంబరు 7న అమెరికాలోని సూట్‌లాండ్‌లో జాతీయ ఆర్కైవ్స్ నిల్వగదులు తగలబడి, యూనివర్సల్ వార్తాచిత్రాల ఫిల్ము 1 కోటి 26 లక్షల అడుగులు బూడిదైంది. 2003 జనవరిలో పుణెలో మన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ నైట్రేట్ రీళ్లకు అదే గతి పట్టింది. నైట్రేట్ స్థానంలో 1948 నుంచి వచ్చిన ఎసిటేట్ ఫిల్ము అంత తేలిగ్గా అంటుకోదు గానీ కుళ్లుతుంది. వేడి, తేమ తగిలితే లోపలి నుంచి ఆమ్లం పుట్టి, వెనిగర్ వాసన వేస్తూ ముడుచుకుపోతుంది. ఈ జబ్బు గురించి కోడాక్ కంపెనీకి మొట్టమొదటి ఫిర్యాదు అందింది భారత ప్రభుత్వం నుంచే. మన వాతావరణంలో దాచిన రీళ్లే ముందు పాడయ్యాయి. ఈ దేశంలో మిగిలిన వార్తాచిత్రాలను స్కాన్ చేసే పని ఒక్క ఏడాది ఆలస్యమైనా ఎంతోకొంత పోతుంది. పాత వార్తాచిత్రాల సంస్థ బ్రిటిష్ పాథే 2014లో తన 85,000 చిత్రాలను యూట్యూబ్‌లో పెట్టినట్లు మన సంపద కూడా బయటికి రావాలని కోరుకోవడం అత్యాశేమీ కాదు.

స్కాన్ చేస్తే ఏమొస్తుందో అమెరికా అణ్వాయుధ పరిశోధన కేంద్రం లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో తేలింది. 1945 నుంచి 1962 దాకా వాతావరణంలో అమెరికా పేల్చిన 210 అణు బాంబులకు దాదాపు 10,000 ఫిల్ములు తీశారు. కొన్ని కెమెరాలు సెకనుకు 2,400 ఫ్రేముల వేగంతో తీశాయి. అప్పట్లో ఒక్కో ఫ్రేమును తెర మీద వేసి, అగ్నిగోళం అంచు ఎక్కడుందో మనుషులు కంటితో చూసి రాసుకునేవారు. భౌతిక శాస్త్రవేత్త గ్రెగ్ స్ప్రిగ్స్ బృందం వాటిని స్కాన్ చేసి కంప్యూటరుతో మళ్లీ కొలిచినప్పుడు, పాత లెక్కల్లో 20 నుంచి 30 శాతం దాకా తేడాలు బయటపడ్డాయి. డబ్బాలు తెరిస్తే వెనిగర్ వాసన వస్తోందని వాళ్లు చెప్పారు. అణు పరీక్షలను పరిమితం చేసిన 1963 ఒప్పందం తర్వాత వాతావరణంలో అమెరికా బాంబు పేల్చలేదు, కాబట్టి మళ్లీ కొలవడానికి ఆ ఫిల్ములు తప్ప వేరే దారి లేదు. 2017 నాటికి దొరికినవి దాదాపు 6,500. స్కాన్ అయినవి 4,200. మళ్లీ కొలిచినవి 400 నుంచి 500.